పైలట్లకు మాస్టారు

విమానాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు యాకోబ్ వాన్ జాంటెన్ పేరు తెలిసే ఉంటుంది. 1927లో నెదర్లాండ్స్‌లోని లిస్సేలో పుట్టారు. ఇరవై ఏళ్లకే పైలట్ లైసెన్సు సంపాదించి, తరవాత కె.ఎల్.ఎమ్.లో చేరి, 747 జంబో జెట్ పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద మాస్టారయ్యారు. కంపెనీ ప్రకటనల్లో ఆయన ఫొటో వేసేవారు.

ఆయన పని ఎక్కువగా సిమ్యులేటర్‌లోనే. అక్కడ నిజమైన కంట్రోల్ టవర్ ఉండదు, అనుమతులిచ్చేది శిక్షకుడే. ఇంజనీరుగా నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఈ సంగతే.

1977 మార్చి 27న లాస్ పాల్మాస్ విమానాశ్రయంలో బాంబు పేలింది. విమానాలను పక్క దీవి టెనరీఫ్‌కు మళ్లించారు. గంటల తరబడి ఆలస్యం. డ్యూటీ గంటలు మించితే డచ్ చట్టం ఊరుకోదు. పైగా పొగమంచు. రన్‌వే చివర విమానం తిప్పగానే కెప్టెన్ ఇంజన్ల వేగం పెంచారు. ఇంకా అనుమతి రాలేదని కో-పైలట్ గుర్తుచేస్తే ఆగారు. తరవాత టవర్ ఇచ్చినది ఎగిరాక వెళ్లాల్సిన దారికి అనుమతి మాత్రమే. అందులో టేకాఫ్ అన్న మాట దొర్లింది. కో-పైలట్ దాన్ని తిరిగి అప్పజెబుతుండగానే కెప్టెన్ విమానాన్ని పరుగెత్తించారు. ఈసారి కో-పైలట్ అడ్డు చెప్పలేదు. కొద్ది నెలల క్రితం అతనికి 747 పరీక్ష పెట్టి పాస్ చేసింది ఈయనే. అలాంటి మాస్టారికి వెంటవెంటనే రెండోసారి తప్పు చూపడం ఎంత కష్టమో ఈ సంచిక చదివేవారికి నేను చెప్పక్కర్లేదు. ఆగమన్న టవర్ మాట, పాన్ యామ్ విమానం మాట రేడియోలో ఒకేసారి పడి కీచుమన్నాయి. పాన్ యామ్ ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లయిట్ ఇంజనీరు అడిగాడు. లేదని కెప్టెన్ గట్టిగా చెప్పారు. అతను మళ్లీ అడగలేదు.

583 మంది పోయారు. కె.ఎల్.ఎమ్. విమానంలోని 248 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వార్త అందగానే, దర్యాప్తుకు పంపుదామని కంపెనీ పెద్దలు వెతికింది వాన్ జాంటెన్ కోసమేనట.

ఆయన్ని అహంకారి అని తేల్చేసేవారున్నారు. నేను ఒప్పుకోను. మొదటిసారి చెప్పగానే ఆగారు కదా! రెండోసారి చెప్పడం ఆ రోజుల్లో ఎవరికీ శిక్షణలో నేర్పేవారు కాదు. 1979లో నాసా దీని మీద సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇదే పాఠంగా మొదలుపెడితే సీనియర్ కెప్టెన్లు కొందరు వెక్కిరించారు. ఇప్పుడది మన దేశంలోనూ తప్పనిసరి. రేడియో భాష కూడా మారింది. ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప టేకాఫ్ అనకూడదు. మిగతా సందర్భాల్లో డిపార్చర్ అంటారు.