సహనమూర్తి మౌలానా ఆజాదు

ఓర్పు అనగా చేతగానితనమని కొందఱు తలంతురు. ఎదిరింపలేనివాడు ఊరకుండుటనే ఓర్పనుట లోకమున వాడుకయైనది. ఇస్లాము మతమున సబర్ అను మాటకు అర్థమిది కాదు. నిలువరించుట, పట్టియుంచుట అని ఆ అరబ్బీ పదమునకు మూలార్థము. దుఃఖము వచ్చినపుడు మనస్సును, కోపము వచ్చినపుడు నాలుకను, భయము వచ్చినపుడు పాదములను నిలువరించుకొని, ధర్మమని నమ్మిన త్రోవను విడువకుండుటయే సబర్. కష్టకాలమున సహనమును, ప్రార్థనను తోడు చేసికొనవలెనని ఖురాను బోధించుచున్నది. ఆ బోధను చదివి, దానికి వ్యాఖ్య వ్రాసి, తుదకు తన బ్రదుకున ఆచరించి చూపిన మహనీయుడు మౌలానా అబుల్ కలాం ఆజాదుగారు. మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ఆయన చరిత్రమును స్మరించుట యుక్తమని తలంచుచున్నాను.

ఆజాదుగారు 1888వ సంవత్సరము నవంబరు 11వ తేదీన మక్కానగరమున జన్మించిరి. తండ్రి ఖైరుద్దీనుగారు పేరెన్నికగన్న మతపండితులు. తల్లి అరబ్బు వంశస్థురాలు. ఆజాదుగారి బాల్యముననే కుటుంబము కలకత్తా చేరెను. కొలదికాలమునకే తల్లి గతించెను. తండ్రి కుమారుని పాఠశాలకు పంపక అరబ్బీ, పారసీక భాషలను, తర్కమును, ధర్మశాస్త్రమును ఇంటనే చెప్పించిరి. పండితులు ఏండ్ల తరబడి చదువు పాఠములను ఆయన 16 ఏండ్ల ప్రాయమునకే ముగించిరి. ఆజాదు అనునది పెట్టిన పేరు కాదు. స్వేచ్ఛగలవాడను అర్థమున తాను గైకొన్న కలముపేరు. తాతముత్తాతల నుండి వచ్చిన విశ్వాసమును ఆయన ఉన్నదున్నట్లు స్వీకరింపలేదు. శంకించి, శోధించి, మరల తానై చేపట్టిరి. కావుననే అది ఎట్టి గాలివానకును కదలలేదు.

1912 జూలైలో అల్ హిలాల్ అను ఉర్దూ వారపత్రికను కలకత్తాలో నెలకొల్పిరి. పరదాస్యమును వదల్చుకొనుట ముస్లిములకు మతధర్మమేయని అందు వ్రాసిరి. దొరతనమువారు ముద్రణ శాసనము క్రింద మొదట 2,000 రూపాయలును, పిమ్మట 10,000 రూపాయలును ధరావతు కోరిరి. 1914లో పత్రిక ఆగిపోయెను. మరుసటి యేట అల్ బలాగ్ అను వేఱొక పత్రికను స్థాపించిరి. 1916లో బెంగాలు విడిచిపొమ్మని ఆజ్ఞ వచ్చెను. అంతకు ముందే పలు రాష్ట్రములవారు తమ యెల్లలలో ఆయన అడుగిడరాదని శాసించియుండిరి. అందుచే రాంచీ చేరగా, అచ్చటనే నిర్బంధించి 1919వ సంవత్సరాంతము వఱకు కదలనీయరైరి. ఆజాదుగారు కాలము వృథాపుచ్చలేదు. ఆ యూరి మసీదులో ధర్మోపన్యాసము లొసగిరి. 1917లో అచ్చట ఒక విద్యాలయమును నెలకొల్పిరి.

ఆయన సహనమునకు తొలి గొప్ప పరీక్ష కాగితముల రూపమున వచ్చినది. ఖురానునకు ఉర్దూ భాషలో అనువాదమును, వ్యాఖ్యానమును వ్రాయ సంకల్పించి, దానికి తర్జుమానుల్ ఖురాన్ అని పేరిడిరి. నిర్బంధకాలమున పోలీసువారు సోదాచేసి వ్రాతప్రతులను కొనిపోయిరి. ఆయన మిగిలిన భాగమును వ్రాసి, పోయిన భాగమును మరల వ్రాసిరి. 1921 డిసెంబరులో సహాయనిరాకరణోద్యమమున అరెస్టు కాగా, ఇంటనున్న కాగితములన్నియు మరల పోలీసువారి పాలయ్యెను. విడుదలైన పిమ్మట ఎంతో కాలమునకు తిరిగి చేతికందినది చినిగి చెదరిన పత్రముల కుప్ప మాత్రమే. లెక్కల దస్త్రములలో ఒక్క పుట గల్లంతైనను మనబోంట్లకు నిదురపట్టదు. ఏండ్ల తపఃఫలము అట్లు పాడైనచో ఎట్లుండునో ఊహింపుడు. కొన్నియేండ్లు ఆ పనిని ముట్టలేకపోయిరి. అయినను విడిచిపెట్టలేదు. 1927 ప్రాంతమున మరల కలము చేపట్టి మొదటి నుండియు వ్రాసిరి. 1930 తరువాతి యేండ్లలో రెండు సంపుటములు వెలువడెను. ఆ గ్రంథము నేటికిని పండితుల మన్ననలందుచున్నది.

రెండవ పరీక్ష మఱింత దారుణమైనది. 1942 ఆగస్టు ఆరంభమున కాంగ్రెసు అధ్యక్షుడుగా ఆయన బొంబాయికి బయలుదేరునపుడు, భార్య జులేఖాబేగముగారు చిరకాలముగా జబ్బుతోనుండియు వాకిలి వఱకు వచ్చి సాగనంపిరి. అదియే కడసారి చూపు. ఆగస్టు 9వ తేదీ తెల్లవారకమునుపే ఆజాదుగారిని నిర్బంధించి అహమ్మదునగరు కోటకు తరలించిరి. నెహ్రూ, పటేలు మున్నగువారును, మన బందరు వాస్తవ్యులైన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారును ఆ కోటలో ఆయనకు తోడు ఖైదీలు. 1943లో భార్య జబ్బు ముదిరినదని వార్త వచ్చెను. ప్రభుత్వమునకు విన్నపము చేసికొనదలచినచో పైకి పంపుదునని జైలధికారి సూచించెను. బంధించినవారిని దయ వేడుట తగదని ఆజాదుగారు తిరస్కరించిరి. నిత్యము వేకువజామున లేచుట, చదువుట, వ్రాయుట, తోటివారితో కలిసి భుజించుట యథాప్రకారము జరుపుచుండిరి. లోపల ఎంత అలజడియున్నను పైకి కానరానీయరైరి. ఏప్రిలు 9వ తేదీన ఆమె కలకత్తాలో కన్నుమూసెను. 36 ఏండ్ల దాంపత్యము అట్లు ముగిసెను. ఆ యేడే భోపాలులో సోదరియు మరణించెను.

ఆ దినములలో ఆయన వ్రాసిన లేఖలు గుబారె ఖాతిర్ అను పేర 1946లో అచ్చైనవి. అవి నైజాం హైదరాబాదున మతవ్యవహారశాఖలో ఉన్నతపదవి నిర్వహించిన హబీబుర్రహమాన్ ఖాన్ షేర్వానీగారి నుద్దేశించి వ్రాసినవి; కాని టపా మూలమున పంపు వీలులేకుండెను. రాతికి దుఃఖములేదు, దానికి ఓర్పుతో పనియులేదు. ఆజాదుగారు తమ గుండెలోని మంటను ఆ లేఖలలో దాచలేదు. దుఃఖము లేకపోవుట సబర్ కాదనియు, దుఃఖముచే త్రోవ తప్పకుండుటయే సబర్ అనియు వానివలన తెలియుచున్నది.

1945 జూనులో విడుదలై కలకత్తా చేరినపుడు జనులు పూలమాలలతో ముంచెత్తిరి. ఆయన ఇంటికి పోవక, బండిని శ్మశానవాటికకు మరల్పించి, ఆ మాలలలో నొకదానిని భార్య సమాధిపై నుంచి, మౌనముగా ఫాతిహా ప్రార్థన చేసిరి.

దేశవిభజనము ఆయన కోరినది కాదు. అది జరిగి ఢిల్లీలో రక్తము ప్రవహించినపుడు, 1947 అక్టోబరులో జుమ్మామసీదు నుండి ముస్లిములకు ధైర్యము చెప్పి, పుట్టినగడ్డను విడువవలదని బోధించిరి. స్వతంత్రభారత ప్రథమ విద్యామంత్రిగా 1958 ఫిబ్రవరి 22వ తేదీన పరమపదించు వఱకు పనిచేసిరి. ఆ మసీదు చేరువనే ఆయన సమాధి కలదు. 1992లో భారతరత్న బిరుదమును మరణానంతరము ప్రసాదించిరి. ఆయన సేకరించిన గ్రంథములు, తాను 1950లో నెలకొల్పిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి గ్రంథాలయమున నేటికిని పాఠకుల కుపకరించుచున్నవి.

మన కష్టములు కోటలోని ఖైదువంటివి కాకపోవచ్చును. పంట పోయినవాడు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, పరీక్ష తప్పిన బాలుడు ఈ చరిత్ర నుండి గ్రహింపదగినది ఒకటి కలదు. పోయినదానికై దుఃఖించుట దోషము కాదు. పనిని మరల మొదటి పుట నుండి ఆరంభించుటకు దైవముపై నమ్మిక చాలును. మతమేదైనను ఈ పాఠము అందఱిదియు.