లెక్క చూచి కట్టిన వైద్యురాలు

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు బోధించెను (లూకా 14:28). ఈ బోధకు మన గుంటూరులోనే ఒక సాక్ష్యమున్నది.

డాక్టర్ అన్నా సారా కుగ్లరుగారు 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించి, 1879లో వైద్యపట్టము పొందిరి. ఇండియాలోని స్త్రీలకు వైద్యము చేయవలెనని వారి ఆశయము. అప్పటికి లూథరన్ మిషను వైద్యసేవకు సిద్ధముగా లేదు. స్త్రీలకు బోధించు పనికి మాత్రమే వారిని పంపెను. వారు దానికి ఒప్పుకొని, వైద్యపరికరములు వెంట తెచ్చుకొని, 1883లో గుంటూరు చేరిరి. అప్పగించిన పని చేయుచునే, పురుష వైద్యుని యెదుటకు రాలేని ఘోషా స్త్రీలకు మందిచ్చిరి. 1885లో మిషను వారిని వైద్య మిషనరీగా నియమించెను. 1886లో మందులిచ్చు డిస్పెన్సరీ, 1893లో దానికి కట్టడము, 1898లో ఆస్పత్రి వెలసెను. గుంటూరు చేరిన పదునైదేండ్లకు ఆశయము నెరవేరెను. 1930లో వారు ఇక్కడనే ప్రభువునందు నిద్రించిరి.

ఎకరమునకే నీరున్న రైతు పదియెకరములు మిరప నాటడు. ఆ యెకరమును బీడుగా విడువడు. మనమో, నెలలో బైబిలంతయు చదివెదమని పూని, లేవీయకాండమునొద్ద ఆగిపోవుచున్నాము. బైబిలులో 1,189 అధ్యాయములున్నవి. దినమునకు ఒకటి చదివిన మూడేండ్ల మూడు నెలలలో ముగియును.

ప్రియులారా, ఈ దినమున చేయగల పని యేదో దేవుని సన్నిధిని లెక్క చూచి, నేడే మొదలుపెట్టుదము.