పులుపుకు అంకె ఇచ్చిన సోరెన్సెన్

యూసుఫ్‌గూడలో వాటర్ ప్లాంట్‌కి వెళ్లినా, మెడికల్ షాపులో ఫేస్‌వాష్ కొన్నా పీహెచ్ అనే మాట వినిపిస్తుంది. ఆ మాటను లోకానికి ఇచ్చింది డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్ సోరెన్సెన్. మన హైదరాబాద్‌లో టీకాల కోసం పెంచే కణాలు బతికి ఉండాలన్నా ఆయన నేర్పిన కొలతే దిక్కు.

1868 జనవరి 9న హావ్రెబియెర్గ్ అనే పల్లెలో, రైతు ఇంట్లో ఆయన పుట్టారు. డాక్టర్ కావాలని కోపెన్‌హాగన్ యూనివర్సిటీలో చేరారు. కానీ మనసు కెమిస్ట్రీ మీదికి మళ్లింది. 1901లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో రసాయన విభాగానికి అధిపతి అయ్యారు. అది బీరు కంపెనీ యజమాని యాకబ్‌సెన్ 1875లో పెట్టిన ల్యాబ్. అయితే అక్కడ ఒక మంచి షరతు ఉండేది. పరిశోధనలో తేలిన ముఖ్యమైన విషయం ఏదీ దాచకూడదు, అందరికీ ప్రకటించాలి.

సోరెన్సెన్ పని ఎంజైముల మీద. పులుపు మారితే ఎంజైము పనితనం మారిపోయేది. అప్పట్లో పులుపు కొలవడమంటే, మొత్తం ఆమ్లం ఎంత ఉందో క్షారం కలిపి లెక్కగట్టడమే. వెనిగర్‌లో ఉండే ఆమ్లం, మన కడుపులో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒకే మోతాదులో ఉంటే రెండింటికీ అంతే క్షారం పడుతుంది. కానీ రెండింటి ఘాటు ఒకటి కాదు కదా! అసలు లెక్క నీళ్లలో విడిపడి తిరిగే హైడ్రోజన్ అయాన్లది అని ఆయన గట్టిగా పట్టుకున్నారు.

ఆ అయాన్ల లెక్కలేమో చాంతాడంత సున్నాలతో ఉండేవి. 1909లో ఆయన వాటిని చిన్న అంకెల్లోకి దించారు. 7 అంటే తటస్థం. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పదింతలు పెరిగినట్టు. కొలవడానికి హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ వాడారు. అంటే పులుపును కరెంటు వోల్టేజీగా చదవడం అన్నమాట. భార్య మార్గరెట్ కూడా ల్యాబ్‌లో ఆయనతో కలిసి పనిచేశారు.

అదే ఏడాది జర్మనీలో హేబర్, క్లెమెన్‌సీవిచ్ గాజు ఎలక్ట్రోడ్ గురించి ప్రకటించారు. 1930లలో అమెరికాలో బెక్‌మన్ దాన్ని చేతికందే మీటరుగా మార్చారు.

ఇప్పుడు జీనోమ్ వ్యాలీ సంగతి చూద్దాం. భారత్ బయోటెక్ కోవాక్సిన్ వైరస్‌ను పెంచింది వీరో కణాల్లోనే. ఇలాంటి కణాలకు పీహెచ్ దాదాపు 7.2 నుంచి 7.4 మధ్య ఉండాలి. అవి చక్కెర తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. వదిలేస్తే తమ పులుపులో తామే చచ్చిపోతాయి. చిన్న ఫ్లాస్కులో అయితే ఎర్రటి ద్రవం పసుపు రంగుకు తిరగడం కంటికే కనిపిస్తుంది. మూసి ఉన్న పెద్ద తొట్టెలో ఆ వీలు లేదు. లోపల దించిన సెన్సరే కాపలా. పీహెచ్ ఒక్క అంకె మారితే, గది వేడిలో దాదాపు 59 మిల్లీవోల్టుల తేడా చూపిస్తుంది. దాన్ని బట్టి యంత్రం క్షారమో, కార్బన్ డయాక్సైడో అందిస్తుంది.

సోరెన్సెన్‌కు నోబెల్ రాలేదు. 1939 ఫిబ్రవరి 12న కన్నుమూశారు. ఆయన కొలతను ల్యాబ్ గోడల మధ్య దాచలేదు కాబట్టే, అది మన పిల్లల టీకాల దాకా వచ్చింది.