చెరకుకు కాపుకాసిన బార్బర్

మన బడిలో చదివినవాళ్లలో చాలామందిమి చెరకు రైతుల బిడ్డలమే. అయినా చార్లెస్ ఆల్‌ఫ్రెడ్ బార్బర్ పేరు నేను మొదటిసారి విన్నది వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సస్యరక్షణ పాఠాల్లోనే.

1860లో దక్షిణాఫ్రికాలో పుట్టిన బార్బర్ కేంబ్రిడ్జిలో చదువుకుని, 1898లో మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్తగా వచ్చారు. ఆ రోజుల్లో గోదావరి డెల్టా చెరకును ఎర్రకుళ్లు తెగులు దెబ్బతీసింది. గడ చీలిస్తే లోపలంతా ఎరుపు, మధ్యమధ్య అడ్డంగా తెల్లమచ్చలు, పులిసిన వాసన. అనకాపల్లి రైతుకూ ఈ గుర్తులు కొత్తకాదు. 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన క్షేత్రం వెలిసింది. అక్కడ స్థానిక రకాల పక్కన బయటి రకాలు నాటించి, తెగులుకు ఏది నిలుస్తుందో బార్బర్ పరీక్షించారు. మారిషస్ నుంచి వచ్చిన ఎర్ర చెరకు నిలిచింది.

1912లో ఆయన కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రానికి వెళ్లారు. టి.ఎస్. వెంకట్రామన్‌తో కలిసి సాగు చెరకును రెల్లుతో సంకరపరచి కో 205 రకాన్ని రూపొందించారు. ఆ మరుసటి ఏడే, 1913లో, మన ఊళ్లోనూ పరిశోధన కేంద్రం ఏర్పడింది. 1919లో పదవీ విరమణ చేసి, కేంబ్రిడ్జిలో ఉష్ణమండల వ్యవసాయం బోధించి, బార్బర్ 1933లో కన్నుమూశారు.

ఎర్రకుళ్లు పట్టిన గడను ఏ మందూ బాగుచేయలేదు. ఆరోగ్యమైన ముచ్చెలు, తట్టుకునే రకం, తెగులు దుబ్బులు పీకి కాల్చడం, ఆ చేలో కార్శి వేయకపోవడం, పంట మార్చడం: సమగ్ర సస్యరక్షణ అంటే ఇవన్నీ కలిపి చేయడం. శిలీంద్రమూ మారుతుంటుంది. నిన్న నిలిచిన రకం రేపు లొంగిపోవచ్చు. అందుకే బార్బర్ మొదలుపెట్టిన వెతుకులాట ముగియలేదు. దాన్ని కొనసాగించేవాళ్లు మన బడి నుంచీ రావాలి.