నక్షత్రకాంతిని కొలిచిన వైను బప్పు గారు

విశ్వాసులకు తండ్రియగు అబ్రాహాము లెక్కింపజాలకపోయిన నక్షత్రములను మనమును వేసవి రాత్రులయందు ఆరుబయట పరుండి చూచుచుందుము. వానిలో ఏది దగ్గఱిది? ఏది దూరపుది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన మహనీయులలో హైదరాబాదున పెరిగిన వైను బప్పు గారొకరు. వారి చరిత్రమును సోదర విద్యార్థులకు సంగ్రహముగ నివేదించుచున్నాము.

మన పట్టణమునకు ఏ మహబూబు అలీ ఖాను ప్రభువు పేరు గలదో, ఆ ప్రభువు కాలముననే, 1901వ సంవత్సరమున, నవాబు జఫర్ జంగు గారు హైదరాబాదునందు నక్షత్రశాలను నెలకొల్పిరి. తరువాత అది బేగంపేటకు మార్చబడి నిజామియా నక్షత్రశాలయని ప్రసిద్ధి గాంచెను. బప్పుగారి తండ్రి అచ్చట ఉద్యోగి. బప్పుగారు 1927 ఆగస్టు 10వ తేదీన జన్మించి, బాల్యమునుండియు ఆ దూరదర్శినుల నీడనే పెరిగిరి. నిజాం కళాశాలలో చదువుచున్నప్పుడే వెలుగు మారెడి నక్షత్రములను పరిశీలించి వ్యాసములు ప్రకటించిరి. 1949లో హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో అమెరికాలోని హార్వర్డునకు పోయి, ఆ యేటనే క్రొత్త తోకచుక్కను కనుగొనిరి. 1952లో డాక్టరు పట్టము పొందిరి.

పిమ్మట కాలిఫోర్నియాలో విల్సన్ పండితునితో కలిసి వారు చేసిన కార్యము మిక్కిలి గొప్పది. చెంతనున్న చిన్న ప్రమిదయు, దూరముననున్న పెట్రోమాక్సు దీపమును కంటికి ఒక్కటిగనే తోచవచ్చును గదా! నక్షత్రములును అట్టివే. పసుపు, నారింజ, ఎఱుపు వన్నెల నక్షత్రముల వెలుగును విడదీసి చూచినచో, కాల్షియమువలన ఊదా భాగమున నల్లని గీత యొకటి యేర్పడును. దాని నడుమ సన్నని వెలుగు గీత కానవచ్చును. ఈ వెలుగు గీత యెంత వెడల్పుగ నున్న, నక్షత్రపు నిజమైన కాంతి అంత అధికమని వారిరువురును 1957లో ప్రకటించిరి. దూరము రెండింతలైన వెలుగు నాలుగవ వంతగును. కావున నిజమైన కాంతిని, కంటికి దోచు కాంతిని పోల్చి నక్షత్రపు దూరమును గణింపవచ్చును. దీనికి విల్సన్-బప్పు ప్రభావమని పేరు.

పరదేశమున గొప్ప సాధనములుండగా, బప్పుగారు 1953లో స్వదేశమునకే మరలి వచ్చిరి. ఇచ్చట అట్టి సాధనములు లేకుండెను. లేవని వగచుటకు మాఱుగా వానిని నిర్మింపబూనిరి. నైనీతాల్ నక్షత్రశాలను తీర్చిదిద్దిరి. 1960లో కోడైకెనాల్ నక్షత్రశాలాధికారులైరి. తమిళదేశమందలి కావలూరున క్రొత్త నక్షత్రశాలను స్థాపించిరి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షులుగ ఎన్నుకొనబడిరి. 2.34 మీటర్ల దర్పణముగల దూరదర్శినిని మనదేశమందే నిర్మింపవలెనని సంకల్పించి పని సాగించిరి. అది పూర్తికాకమునుపే 1982 ఆగస్టు 19వ తేదీన మ్యూనిక్ నగరమున పరమపదించిరి.

వారి సహచరులు ఆ పనిని విడువలేదు. దూరదర్శిని పూర్తికాగా 1986లో దానికి బప్పుగారి పేరే పెట్టిరి. దాని గుండ నక్షత్రములను చూచు భాగ్యము వారికి లేకపోయెను; కాని వారు వేసిన పునాదిపై నిలిచి యితరులు చూచిరి. సోదరులారా! మన చేతి పని మనకు ఫలింపకున్నను, మన వెనుక వచ్చువారికి ఫలించును. ఈ మాట మఱువక, సాధనములు కొఱవడినవని చదువు మానక, కృషి చేయుదుము గాక!