ఎల్సా అనే సింహం పిల్ల.. జాయ్ ఆడమ్సన్ జీవితాన్నే మార్చేసింది!

సింహం పిల్లను పెంచడం ఒక ఎత్తయితే, పెరిగాక దాన్ని మళ్లీ అడవికి అప్పగించడం ఇంకో ఎత్తు. కెన్యాలో ఆ రెండో పనే చేసి చూపించారు జాయ్ ఆడమ్సన్.

ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ఒపావాలో 1910 జనవరి 20న జాయ్ పుట్టారు. 1930ల చివర్లో కెన్యా వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. అక్కడి మొక్కలు, తెగల మనుషుల బొమ్మలు వందల కొద్దీ గీశారు. 1944లో వన్యప్రాణి అధికారి జార్జ్ ఆడమ్సన్‌ను పెళ్లాడారు.

అసలు కథ 1956లో మొదలైంది. మీదికి దూకిన ఆడ సింహాన్ని జార్జ్ కాల్చేశారు. తీరా చూస్తే పక్కన రాళ్ల సందులో మూడు పసికూనలు! తల్లి దాడి చేసింది వాటి కోసమేనని అప్పుడు తెలిసింది. ఇంటికి తెచ్చి పాలు పట్టారు. పెద్దవి రెండూ నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్ జూకి వెళ్లాయి. అన్నిటికంటే చిన్నదైన ఎల్సా మాత్రం జాయ్ దగ్గరే ఉండిపోయింది.

ఎల్సా పెద్దదయ్యాక దాన్నీ జూకి పంపేయొచ్చు. కానీ జాయ్ ఒప్పుకోలేదు. మనిషి చేతుల్లో పెరిగిన సింహానికి వేట రాదు. అడవిలో వదిలేస్తే ఆకలితోనే చచ్చిపోతుంది. అందుకే భార్యాభర్తలిద్దరూ ఓపిగ్గా దానికి వేట అలవాటు చేశారు. మొదటి ప్రయత్నం ఫెయిలైంది, ఎల్సా జబ్బు పడింది. చివరికి మేరు ప్రాంతంలో నిలదొక్కుకుంది. అడవి సింహంతో జతకట్టి మూడు పిల్లల్ని కంది. వాటిని వెంటబెట్టుకుని జాయ్ క్యాంపుకి వచ్చింది కూడా. అయినా జాయ్ ఆ పిల్లల్ని మచ్చిక చేయలేదు. అవి అడవి సింహాలుగానే పెరగాలన్నది ఆమె పట్టుదల.

1961 జనవరిలో పిడుదుల వల్ల వచ్చే జబ్బుతో ఎల్సా చనిపోయింది. తల్లి లేని పిల్లలు పశువుల మందల మీద పడటంతో, వాటిని పట్టి టాంజానియాలోని సెరెంగెటికి తరలించాల్సి వచ్చింది.

1960లో జాయ్ రాసిన బార్న్ ఫ్రీ పుస్తకం ప్రపంచమంతా అమ్ముడైంది. 1966లో అదే పేరుతో వచ్చిన సినిమాకి రెండు ఆస్కార్లు దక్కాయి. ఎల్సా పేరుతో నిధి పెట్టి, పుస్తకాల సొమ్మును వన్యప్రాణుల కోసమే ఖర్చు చేశారు జాయ్. తర్వాత పిప్పా అనే చీతాను, పెన్నీ అనే చిరుతను కూడా ఇలాగే అడవికి పంపారు.

1980 జనవరి 3న కెన్యాలోని షాబాలో జాయ్ చనిపోయారు. మొదట సింహమే చంపేసిందని అంతా అనుకున్నారు. కానీ దర్యాప్తులో అది హత్య అని, చేసింది పనిలోంచి తీసేసిన మనిషని తేలింది. జీవితాంతం క్రూర మృగాల మధ్య తిరిగిన జాయ్‌కి వాటి వల్ల చావు రాలేదు.

ఆ సినిమాలో ఆడమ్సన్ దంపతులుగా నటించిన వర్జీనియా మెకెన్నా, బిల్ ట్రావర్స్ ఆ తర్వాత బందీ జంతువుల కోసం ఒక సంస్థనే పెట్టారు. అదే నేటి బార్న్ ఫ్రీ ఫౌండేషన్.