మట్టిబలం నెరిగిన మెకాడం

రోడ్ల శాఖ అంచనా పత్రాలలో మెకాడం అనే మాట తరచు కనిపిస్తుంది. అది ఒక మనిషి పేరని ఎరిగినవారు తక్కువ. సీతమ్మధార గురుద్వారా కూడలి మీదుగా సాగే జాతీయ రహదారిపై నిత్యం తిరిగే మా పాఠకులకు ఆయన చరిత్ర తెలుపదలచినాము.

జాన్ లౌడన్ మెకాడం 1756లో స్కాట్లండులోని ఎయిర్ పట్టణంలో జన్మించారు. తండ్రి గతించగా 1770లో న్యూయార్కులో వర్తకుడైన బంధువు చెంతకు చేరి ధనమార్జించారు. అమెరికా స్వాతంత్ర్య సమరంలో ఆ సంపదలో చాలా భాగం పోగొట్టుకొని 1783లో మరలివచ్చారు. పిమ్మట స్వంత ఖర్చుతో బ్రిటన్ రోడ్లన్నీ తిరిగి పరిశీలించారు. 1816లో బ్రిస్టల్ రోడ్ల పర్యవేక్షకులయ్యారు.

బండి బరువును రాయి మోస్తుందని ఆనాటి నమ్మకం. అందుకే అడుగున పెద్ద రాళ్లు పేర్చేవారు; ఘనుడైన టెల్‌ఫర్డ్ పద్ధతీ అదే. మెకాడం దానిని త్రోసిపుచ్చారు. బరువు మోసేది నేల. రాయి ఆ నేలను తడవకుండా కాచే కప్పు మాత్రమేనని ఆయన సిద్ధాంతం. కనుక రోడ్డును నీటిమట్టానికి ఎగువన నిలిపి, కాలువలు తీసి, ఆరు ఔన్సులకు మించని కంకరను పది అంగుళాల మందాన పరిపించారు. పనివారు కొట్టిన కంకరను త్రాసులో తూచి చూసేవారు. వృద్ధాప్యంలో సర్ బిరుదు రాగా వద్దన్నారు. అది కుమారుడు జేమ్స్‌కు దక్కింది. 1836లో మాఫట్‌లో మరణించారు.

రాతిని తూచిన ఆ మహాశయునికి మట్టిబలాన్ని తూచే సాధనం మాత్రం లేకపోయింది. ఆ కొరత 1920ల చివర కాలిఫోర్నియా రహదారుల శాఖలో పోర్టర్ అనే ఇంజనీరు తీర్చారు. సుమారు 50 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల ఇనుప కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున మట్టిలోకి దించుతారు. 2.5 మిల్లీమీటర్లు దిగడానికి పట్టిన బరువును, మేలైన కంకరకు పట్టే 1370 కిలోలతో పోల్చి శాతం కడతారు. అదే సి.బి.ఆర్. పని స్థలంలోనైతే బరువెక్కించిన లారీ అడుగున జాకీ అమర్చి కడ్డీని నొక్కుతారు. ప్రయోగశాలలో మట్టిని నాలుగు దినాలు నానబెట్టి పరీక్షించడంలో నీటిని గూర్చిన మెకాడం భయమే ఉన్నదని మాకు తోచును.

అయితే పది అంగుళాలు అన్ని నేలలకూ చాలునన్న ఆయన ధీమాను మేము అంగీకరింపజాలము. మన నల్లరేగడి వేసవిలో బండలా బిగిసి, నానితే రెండు మూడు శాతానికి జారిపోతుంది. దానిపై లారీలు నడవాలంటే అంతకు రెట్టింపు మందమైనా కావలసివస్తుంది. ఎంతన్నది ఆ స్థలంలోని మట్టిని పరీక్షించి చెప్పవలసిందే.